ఆకలిగొన్న పిడుదు కోసం ఆరు రోజులు

మొదటి రోజు, కార్తీక విదియ

గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడలో ఆగేసరికి ఇంకా మసక చీకటే. దీపావళి వెళ్ళి రెండు రోజులైనా గాలిలో మందుగుండు వాసన పోలేదు. నా సంచిలో బట్టలు రెండు జతలే. పెట్టెలో మాత్రం వంద ప్లాస్టిక్ గొట్టాలు, పది గాజు సీసాలు, సన్న మొన పట్టకార్లు మూడు, భూతద్దం, గజం వెడల్పు తెల్ల ఫ్లానెల్ గుడ్డ, దానికి కర్ర, తాడు. ఆల్కహాల్ రైల్లో తేకూడదు కనక అది విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర సర్జికల్ షాపుల్లో కొనుక్కోవాలి.

అక్కా బావా ఉండేది మర్రిపాలెంలో. తలుపు తీస్తూనే అక్క అంది: "దీపావళికి రారా అంటే సెలవు లేదన్నావు. పురుగులకైతే సెలవు దొరికిందా?"

విదియ అని నాకు గుర్తే లేదు. భగినీ హస్త భోజనం. ఇవాళ చెల్లెలో అక్కో వండిపెడితే తమ్ముడికి ఆయుష్షు. యముడు కూడా ఈ రోజు యమున ఇంటికి భోజనానికి వెళ్ళాడట. పనసపొట్టు కూర, పులిహోర, బొబ్బట్లు పెట్టి, నేను రెండో బొబ్బట్టు దగ్గర ఉండగా అక్క నా పెట్టె తెరిచి చూసింది. ఆ తర్వాత ఇంట్లో ఒక చట్టం వెలిసింది. పురుగులేవీ ఫ్రిజ్‌లోకి రాకూడదు, వంటింట్లోకి రాకూడదు, హాల్లోకి రాకూడదు. బాల్కనీ ఇచ్చింది.

బావ పోర్టులో పనిచేస్తారు. ఆయన సందేహం వేరు. "పిడుదు మీద డాక్టరేట్ ఏంటోయ్? దాన్ని పీకి పారేస్తే అయిపోదూ?"

ఈ ప్రశ్న మూడేళ్ళుగా వింటున్నాను. మొదట్లో పిడుదు పురుగు కాదని, ఎనిమిది కాళ్ళతో సాలీడుకీ తేలుకీ చుట్టమని మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ దారిన వెళ్ళడం మానేశాను. బావకి నా అసలు గొడవే చెప్పాను.

ఆవు ఒంటి మీంచి తీసిన పిడుదు పొట్ట నిండా ఆ ఆవు రక్తమే ఉంటుంది. ఆవుకి జబ్బుంటే ఆ జబ్బు క్రిమి డీఎన్ఏ పిడుదు పొట్టలోనూ దొరుకుతుంది. డీఎన్ఏని వెతికే నా పీసీఆర్ మిషను "ఉంది" అంటుంది. ఎవరిది అన్నది మాత్రం చెప్పదు. ఆ క్రిమి పిడుదులో బతికి, ఇంకో ఆవుకి చేరే దారిలో ఉందా, లేక భోజనంతో పాటు లోపలికొచ్చి అరిగిపోతోందా? పొట్టలో పెసరట్టు ఉన్నంత మాత్రాన వాణ్ణి వంటవాడంటే ఎలా? కిందటిసారి సమీక్షలో మా గైడ్ గారు నా పట్టికలన్నీ చూసి ఒకటే మాటన్నారు: "ఇవన్నీ ఆవుల గురించి చెబుతున్నాయి. పిడుదుల గురించి ఎప్పుడు చెబుతావు?"

అంచేత ఈసారి నాకు కావలసింది రక్తం తాగిన పిడుదు కాదు. చర్మం మార్చుకుని, కొత్త పశువు కోసం కాచుకుని ఉన్న ఆకలి పిడుదు. లేదా తల్లి పెట్టిన గుడ్ల నుంచి పుట్టి ఇంకా ఎవరి రక్తమూ రుచి చూడని పిల్ల.

"ఆకలేసినదాన్ని వెతకడమా! అది నిన్ను వెతుక్కుంటూ వస్తుందిగా" అన్నారు బావ. ఆయన ఎగతాళికే అన్నా, మేం చేసే పని సరిగ్గా అదే.

రెండో రోజు, తదియ

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పొద్దున్నే బస్సెక్కాను. మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం దాటి పద్మనాభం. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద 1794 జులై 10న కుంపిణీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చినవిజయరామరాజు చనిపోయిన నేల. పక్కనే గోస్తని. బొర్రా గుహల దగ్గర్నుంచి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే ఈ నది పేరుకి ఆవు పొదుగు అని అర్థం. నా లాంటివాడికి ఆ పేరు వినగానే భక్తి కలగదు. పిడుదులు ఎక్కువగా పట్టుకునే చోట్లలో పొదుగు ఒకటి గదా అనిపిస్తుంది. మిగతావి చెవి లోపల, గంగడోలు మడతలు, తొడ సందులు, తోక కింద. చర్మం పల్చగా ఉండి ఆవు నాలుకా తోకా అందని జాగాలు.

ఊరి చివర నాలుగు పశువులున్న సాల ఒకటి కనబడింది. రెండు జెర్సీ సంకరం ఆవులు, ఒక నాటు ఆవు, ఒక దూడ. చూసుకునేది డెబ్బై దాటిన మామ్మ. మా ఒంగోలు అలవాటుతో "గోమార్లు ఉన్నాయా మామ్మా?" అన్నాను. అర్థం కాలేదు. చెవి చూపించి చెప్పాను.

"పిడుదులా? ఏటి బాబూ, పిడుదులు కావాలా? ఎన్ని తట్టలు కావాలి?" అని నవ్వింది. నేను నిజంగానే అడుగుతున్నానని తెలిశాక ఇంకా నవ్వింది. "పిడుదులకి కూడా సదువులున్నాయేటి!"

సంకరం ఆవు చెవి తిప్పి చూపించింది. అంచు పొడుగునా బూడిదరంగు గింజలు. బాగా తాగిన ఆడపిడుదు అచ్చం ఆముదం గింజే. ఈ పోలిక మనవాళ్ళకే తట్టిందనుకునేవాణ్ణి. లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు, ఆముదం మొక్కకి ఆ పేరు గింజని చూసే పెట్టారు. నాటు ఆవు మీద వెతికితే నాలుగైదు కూడా దొరకలేదు. బాస్ ఇండికస్ అనే మన నాటు జాతి చర్మం పిడుదుకి అంత తేలిగ్గా లొంగదు. మా ఒంగోలు జాతిని బ్రెజిల్ వాళ్ళు నెల్లూరు పేరు పెట్టి కోట్లలో పెంచుకున్నదీ, అమెరికా వాళ్ళు బ్రాహ్మణ్ జాతి తయారుచేసుకున్నదీ ఈ గుణం కోసం కూడా. మా ఊళ్ళో ఇప్పుడు ఒంగోలు ఎద్దుని చూడాలంటే బండలాగుడు పోటీలకి వెళ్ళాలి.

గ్లవ్స్ వేసుకుని, నోటి దగ్గర పట్టకారుతో పట్టి నిటారుగా లాగి, బాగా ఉబ్బిన ఆడవాటిని తొమ్మిది ఎంచాను. ఇవి రిపిసెఫాలస్ మైక్రోప్లస్, పశువుల పిడుదు. వీటిని ఆల్కహాల్‌లో వెయ్యలేదు. బతికుండగానే సీసాకి ఒకటి చొప్పున వేసి, తడి దూది పక్కన పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టాను. సీసాలు తొమ్మిదీ నిండాయి, పదోది ఖాళీగా ఉంచాను.

ఈ జాతి బతుకంతా ఒకే ఆవు మీద నడుస్తుంది. గుడ్డులోంచి వచ్చిన ఆరుకాళ్ళ పిల్ల గడ్డి మీంచి ఆవు ఎక్కుతుంది. అక్కడే రెండుసార్లు చర్మం మార్చి, పెద్దదై, జతకట్టి, దాదాపు మూడు వారాలకి కిందపడి, గుడ్లు పెట్టి చస్తుంది. మధ్యలో ఇంకో ఆవు ముఖం చూడదు. మరి ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి బబీసియా అనే జబ్బు క్రిమి ఎలా చేరుతుంది? గుడ్డు ద్వారా. తల్లి తాగిన రక్తంలోని క్రిమి దాని అండాల్లోకి వెళ్ళి, పిల్లతో పాటు పుట్టి, పిల్ల కొత్త ఆవుని కుట్టాక బయటపడుతుంది. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ తేల్చింది ఇదే. అక్కడి పశువులవాళ్ళు అంతకుముందు నుంచే ఆ క్రిమి తెచ్చే జ్వరానికి పిడుదే కారణమంటుంటే చదువుకున్నవాళ్ళు నవ్వారు. స్మిత్ ప్రయోగశాలలో గుడ్లు పొదిగించి, ఆ పిల్లల్ని ఆరోగ్యంగా ఉన్న పశువు మీదికి వదిలాడు. పశువు పడకేసింది. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూడటానికి ఇంకా నాలుగేళ్ళుంది. నేను చేస్తున్నది స్మిత్ పనికి పేద చుట్టమే. పిల్లల్ని ఆవు మీదికి వదలను, నూరి డీఎన్ఏ తీస్తాను.

మామ్మకి ఇదంతా చెప్పలేదు. ఆమే అడక్కుండా చెప్పింది. "పోయినేడు ఓ ఆవు ఎర్ర నీళ్ళు పోసింది బాబూ. కాఫీ డికాషనులాగ. డాట్రు వొచ్చి సూదిమందేశాడు గానీ నిలబడనేదు. సచ్చిపోనాది." బబీసియా ఎర్రకణాల్ని పగలగొడితే మూత్రం ఆ రంగుకొస్తుంది. పుస్తకంలో ఉన్న లక్షణాన్ని పక్కన కూచుని ఎవరైనా చెబుతుంటే రాసుకోవడానికి చెయ్యాడదు.

సాల గోడ మట్టిది, పగుళ్ళతో ఉంది. అసలు నిధి అక్కడ దొరికింది. టార్చి వేసి సన్నపుల్లతో పగులు గీరితే బూజుతో పాటు రెండు పిడుదులు పడ్డాయి. పల్చగా, గోధుమరంగులో, కాళ్ళకి తెల్లని పట్టీలతో. హయలోమా. ఇవి ఒకే ఆవుతో సరిపెట్టుకునే రకం కాదు. చిన్నతనంలో ఒక పశువు రక్తం తాగి, కిందపడి గోడలోకి దూరి, చర్మం విడిచి పెద్దవై ఇంకో పశువు కోసం బయటికొస్తాయి. ఇవి మోసే థైలీరియా అనే ఇంకో జబ్బు క్రిమి గుడ్డులోకి వెళ్ళదు, పిల్లదశలో ఎక్కి పెద్దదశలో దిగుతుంది. కనక గోడలో దొరికిన ఆకలి హయలోమాలో థైలీరియా ఉందంటే అది పెసరట్టు కాదు, పొయ్యి మీది పెనమే. పక్కన రెండు ఖాళీ తొడుగులు కూడా ఉన్నాయి, పట్టు చీర విప్పి పడేసినట్టు.

మొత్తం ఆ గోడంతా గీరితే ఏడు. మామ్మ చూస్తూ ఊరుకోలేక, తనూ ఒక పుల్ల తీసుకుంది. నా కంటే ఎక్కువ తీసింది. దొరికినదాన్ని గోటితో నలపబోతే ఆపాను. పిడుదుని చిదిమితే దానిలోని క్రిములు వేలి గీతల్లోంచి లోపలికి పోవచ్చు. 2011లో గుజరాత్‌లో బయటపడిన క్రిమియన్ కాంగో జ్వరం అలా కూడా అంటుకుంటుంది. "మరేటి సెయ్యాలి?" అంది. సబ్బునీళ్ళ డబ్బాలో వెయ్యమన్నాను. కోళ్ళని వదుల్తాను, అవే ఏరుకు తింటాయి అంది. నిజమే, తింటాయి. ఆవు పడుకుంటే కోడి దాని పొట్ట కింద ఏరుకోవడం నేనూ చూశాను.

మూడో రోజు, నాగుల చవితి

మధురవాడ వైపు బావ స్నేహితుడికి మామిడి తోట ఉంది, కంబాలకొండ అంచున. అభయారణ్యం లోపలికి గుడ్డ తీసుకెళ్ళే అనుమతి నాకు లేదు. దాదాపు డెబ్బై చదరపు కిలోమీటర్ల అడవి, నగరం నాలుగు పక్కలా ఒరుసుకుంటూ వచ్చినా నిలబడిన అడవి. కణుజులూ అడవిపందులూ కంచె దాటి తోటల్లోకి వస్తాయి. వాటితో పాటే వాటి పిడుదులూ. అంచు చాలు నాకు.

ఈ పనిని మేం గుడ్డ లాగడం అంటాం. ఫ్లానెల్ గుడ్డని కర్రకి కట్టి గడ్డి మీదుగా నెమ్మదిగా ఈడుస్తూ నడవాలి. గడ్డి చివర ముందుకాళ్ళు చాచి కాచుకున్న పిడుదు, ఏదో జంతువు ఒరుసుకు పోతోందనుకుని గుడ్డని పట్టుకుంటుంది. పది అడుగులకోసారి తిప్పి చూడాలి. ప్యాంటు మేజోళ్ళలోకి దోపి, అన్నీ తెల్లవే వేసుకోవాలి, పాకితే కనబడాలి కదా. అయితే గుడ్డ తడిస్తే పనికిరాదు, మంచు ఆరాలి. తొమ్మిది దాకా కూచున్నాను.

ఈలోగా తోట నిండిపోయింది. విశాఖలో నాగుల చవితికి ఇంట్లో ఎవరుంటారు? పుట్టల దగ్గర కుటుంబాలు కుటుంబాలు. పాలు, కోడిగుడ్లు, చిమ్మిలి, చలిమిడి. పిల్లలేమో దీపావళికి దాచుకున్న టపాసులు కాలుస్తున్నారు. ఆ గొడవలో తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల గుడ్డ, తాడు పట్టుకుని నేను. అయిదు నిమిషాల్లో ఒక పెద్దాయన వచ్చారు.

"ఏటి బాబూ, లేఅవుటేస్తన్నారా?"

కాదన్నాను. నమ్మలేదు. మధురవాడలో తాడు పట్టుకుని నేల మీద నడిచేవాణ్ణి ఇంకేమనుకుంటారు? గజం ఎంత చెప్తున్నారని ఇంకొకరు అడిగారు. మూడో ఆయన ఏకంగా, కొండ అవతల తన స్థలం ఒకటి ఉందని, చూస్తారా అని అడిగాడు. చివరికి పిల్లలే నన్ను గట్టెక్కించారు. గుడ్డ తిప్పితే ఆవగింజలో సగం లేని చుక్కలు కదిలాయి. "అంకుల్, ఇవి నడుస్తున్నాయి!"

ఒకదాన్ని గొట్టంలో వేసి, భూతద్దం ఇచ్చి, మెల్లగా ఊదమన్నాను. అంతదాకా కదలకుండా ఉన్నది ముందుకాళ్ళు రెండూ ఎత్తి గాల్లో ఊపడం మొదలుపెట్టింది. "దండం పెడుతోంది!" దండం కాదు, వాసన చూస్తోంది. పిడుదుకి ముక్కు ముందుకాళ్ళ చివర ఉంటుంది, హాలర్ అవయవం అంటారు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, చెమట వాసన అన్నీ అక్కడే తెలుస్తాయి. కళ్ళు లేని జాతులకి కూడా ఇదొక్కటి చాలు. తర్వాత గంటసేపు ఆ గొట్టం నా చేతికి రాలేదు. పుట్ట దగ్గర పూజ ముగించి తల్లులు పిలుస్తున్నా పిల్లలు ఊదుతూనే ఉన్నారు.

దొరికినవి హీమాఫైసాలిస్ పిల్లలు పదహారు, తర్వాతి దశవి మూడు. నోటి పక్క భాగాలు గొడుగు అంచుల్లా బయటికి విచ్చుకుని ఉంటాయి, అదీ గుర్తు. చదువుకున్న ఒకావిడ "కోతుల జ్వరం ఇదేనా?" అన్నారు. 1957లో కర్ణాటకలో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చనిపోతుంటే వెనకాలే మనుషులకీ వచ్చిన జ్వరం. దాన్ని మోసేది ఈ ప్రజాతిలోనే స్పినిజెరా అనే జాతి. ప్రజాతి ఒకటైనంత మాత్రాన వైరస్ ఉన్నట్టు కాదు, ఇంటిపేరు ఒకటైతే ఆస్తి ఒకటి కానట్టే. పైగా నాది డీఎన్ఏ దగ్గర ఆగే పని. ఆ జ్వరం తెచ్చేది ఆర్ఎన్ఏ వైరస్, దానికి వేరే భద్రత గల ప్రయోగశాలలు కావాలి. ఆవిడకి ఇదంతా చెప్పి, అడవికెళ్ళొచ్చాక ఒళ్ళు చూసుకోండి చాలన్నాను. ఆవిడ నా చేతిలో చిమ్మిలి ఉండ పెట్టి వెళ్ళారు. గ్లవ్స్ తీసి తిన్నాను.

నాలుగో రోజు, పంచమి

బంగాళాఖాతంలో అల్పపీడనం. తెల్లవారుజాము నుంచి వాన. గుడ్డ బయటికి తీసే పని లేదు.

బాల్కనీలోకి వెళ్ళేసరికి గుండె ఆగింది. గోడ మీంచి సీసాల దాకా నల్లటి చీమల బారు. మూతికి కట్టిన గుడ్డని కొరికి లోపలికెళ్ళాయి. తొమ్మిది తల్లుల్లో అయిదు అయిపోయాయి. డొల్లలు మిగిలాయి. పిడుదుకి శత్రువుల పట్టికలో చీమ ఉంటుందని రెండో ఏడు నేనే సెమినార్‌లో చెప్పాను. తెలిసిన సంగతి అవసరానికి గుర్తురాకపోతే దాన్ని ఏమంటారో తెలీదు.

అక్క వచ్చి చూసి, ఏమీ అనకుండా వెడల్పు పళ్ళెం తెచ్చింది. నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, మిగిలిన నాలుగు సీసాలూ దాని మీద పెట్టింది. "అరిసెల డబ్బా ఇలాగే కదరా పెడతాం!" తన స్టీలు పళ్ళెం ఆ పనికిచ్చిందంటే చిన్న సంగతి కాదు. పళ్ళెం మళ్ళీ వంటింట్లోకి రాదని మాత్రం చెప్పింది.

సాయంత్రం వాన తగ్గాక కిందికి దిగాను. పార్కింగ్‌లో లిఫ్టు పక్క గోడ మీద, నా కంటి ఎత్తులో, తాపీగా పైకి పోతోంది ఒకటి. దాని వెనక ఇంకోటి. కుక్క పిడుదు, రిపిసెఫాలస్ సాంగ్వినియస్. నాలుగు రోజులుగా నేను ఊళ్ళు తిరిగి వెతుకుతున్న ఆకలి పిడుదులు. ఇవి గోడలెక్కే రకం, కుక్క పడుకునే చోటు చుట్టూ పగుళ్ళలో దాగి, చర్మం మార్చి పైకి పాకుతాయి. ఇరవై నిమిషాల్లో పదకొండు. కుక్కలకి ఎర్లీకియా జ్వరం వచ్చేది వీటి నుంచే, అది కూడా గుడ్డులోకి వెళ్ళదు, దశ నుంచి దశకి వెళుతుంది.

నేను సంతోషంతో పైకొచ్చి చెప్పడం పొరపాటు. అరగంటలో అపార్ట్‌మెంటంతా కింద ఉంది. వాచ్‌మన్ పెంచుకునే కుక్కని తరిమెయ్యాలని సగంమంది, దానికి ఇంజెక్షన్ వేయించాలని సగంమంది. పిడుదుల్లో నూటికి తొంభై పైగా కుక్క మీద కాదు, గోడలో ఉంటాయని, కుక్కని పంపేస్తే ఆకలేసి ఇంకా పైకొస్తాయని చెప్పాను. ఆ చివరి మాట పనిచేసింది. పగుళ్ళు పూడ్పించి, గోడకి మందు కొట్టించి, కుక్కకి వైద్యం చేయించాలని తీర్మానం అయింది. డబ్బులు ఎవరు వేసుకోవాలన్నది తేలలేదు. నేను హైదరాబాద్ వెళ్ళేలోగా తేలదు కూడా.

ఐదో రోజు, షష్ఠి

భీమిలి రోడ్డు. ఒకపక్క సముద్రం, రుషికొండ దాటాక ఇంకోపక్క ఎర్రమట్టి దిబ్బలు. వానకి తడిసి రక్తం రంగులో ఉన్నాయి. దిబ్బలకి ఇవతల సరుగుడు తోపుల్లో మేకలు మేపుకునే కుర్రాడొకడు తగిలాడు. ఇంటర్ వదిలేశాడట. మేకల చెవులు వరసగా తిప్పి చూపించాడు, ఒక్కో మేకకీ పేరుంది.

వాళ్ళ అమ్మకి కిందటి చలికాలం జ్వరం వచ్చి పది రోజులు తగ్గలేదని చెప్పాడు. చంక కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ. "పిడుదు కుట్టిందన్నారండి అందరూ." ఆసుపత్రిలో స్క్రబ్ టైఫస్ అన్నారట. అది పిడుదుది కాదు. కంటికి ఆనని నల్లి పిల్లది, మంచాల్లో ఉండే నల్లి కాదు, పొదల్లో ఉండే మైట్. దాని క్రిమి ఒరియెన్షియా. పిడుదు నుంచి వచ్చే టైఫస్ వేరు, రికెట్సియా కొనొరై, అందులో అరచేతులకీ అరికాళ్ళకీ కూడా దద్దుర్లు వస్తాయి. అదృష్టం ఏమిటంటే రెండింటికీ డాక్సీసైక్లిన్ లొంగుతుంది, సకాలంలో పడితే. కుర్రాడు శ్రద్ధగా విని, "అయితే మా మేకల్ది తప్పు కాదన్నమాట" అన్నాడు. ఏడాదిగా ఇంట్లో మేకలు అమ్మెయ్యమని గొడవట. ఈ ముక్క కాగితం మీద రాసిమ్మన్నాడు. నల్లి, పిడుదు రెంటి బొమ్మలూ వేసి, తేడా రాసిచ్చాను. మూడేళ్ళలో నేను రాసిన వాటిలో ఎవరైనా అడిగి తీసుకున్న కాగితం అదొక్కటే.

గుడ్డకి ఏమీ దొరకలేదు. నేల ఇంకా తడి. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధుల దగ్గర కాసేపు కూచుని, బజ్జీలు తిని, బస్సెక్కాను.

రాత్రి స్నానం చేస్తుంటే నడుము దగ్గర, బెల్టు ఒరుసుకునే చోట, చేతికి తగిలింది. గుడ్డకి దొరకనిది నాకు దొరికింది. బావ కిరసనాయిలు అన్నారు, పక్కింటాయన అగ్గిపుల్ల అన్నారు. రెండూ వద్దన్నాను. అలా బాధపెడితే అది లోపలున్నదంతా కక్కవచ్చు. చర్మానికి ఆనించి నోటి దగ్గర పట్టి, మెలితిప్పకుండా, ఒకే తీరుగా పైకి లాగాలి. ఇన్ని వందల ఆవులకి చేశాను గానీ నా నడుముకి నేను చేసుకోవడానికి చెయ్యి వంగలేదు. చివరికి పట్టకారు అందుకున్నది అక్క. కళ్ళు సగం మూసుకుని, ఒక్క లాగు. ఊడింది, నోటితో సహా. సబ్బుతో కడిగి, తారీకు క్యాలెండర్ మీద రాశాం. రెండు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకి ఈ తారీకు చెప్పాలి. గొట్టం మీద చీటీ రాస్తూ, "హోస్ట్" అన్న గడిలో నా పేరు రాశాను. అది పల్చగానే ఉంది, పూర్తిగా తాగలేదు. ఆకలిదానికి లెక్క రాయాలో తాగినదానికి రాయాలో గైడ్ గారినే అడగాలి.

ఆరో రోజు, సప్తమి

పొద్దున్న అక్క కేక. "ఒరేయ్, ఇలా రా! ఇదేదో చేస్తోంది."

నాలుగు సీసాల్లో రెండింట్లో మొదలైంది. తల్లి తల కిందికి వంచి, ఒక్కొక్క గుడ్డే బయటికి తీస్తోంది. తల వెనక నుంచి మెత్తని తెల్లటి సంచి ఒకటి ఉబ్బి బయటికొచ్చి, గుడ్డుని అందుకుని, మైనం పూసి, తల మీదికి నెడుతోంది. జెనే అవయవం. ఆ మైనం లేకపోతే గుడ్డు ఎండిపోతుంది. పుస్తకంలో చదివాను, మా ల్యాబులో ఎప్పుడూ పొద్దున్న తొమ్మిదికి వెళ్ళి అప్పటికే పోగుపడిన గుడ్లే చూశాను. పెడుతుండగా చూడటం ఇదే మొదలు. అక్క భూతద్దం వదల్లేదు. పాలు పొంగిపోయాయి.

"ఎన్ని పెడుతుంది?"

"రెండు వేలు, మూడు వేలు. పెట్టే కొద్దీ ముడుచుకుపోయి, అయిపోయాక చచ్చిపోతుంది."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఇందులో ఆ ఎర్ర నీళ్ళ జబ్బు ఉందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?" అంది. గుడ్లు పొదగడానికి మూడు నాలుగు వారాలు, తర్వాత పీసీఆర్. ఫలితం రాగానే ఫోన్ చెయ్యమంది. నా చదువు గురించి అక్క అడిగిన మొదటి ప్రశ్న అది. పద్మనాభం మామ్మకి కూడా చెప్పాలి, ఆమె దగ్గర ఫోన్ లేదు. మనవడి నంబరు తీసుకున్నాను.

సాయంత్రం గోదావరి. పెట్టెలో ఆల్కహాల్ గొట్టాలకి బదులు పొడి గొట్టాలు, సిలికా జెల్ సంచులు. ఆల్కహాల్ ఒంపేసి, చచ్చిన వాటిని ఆరబెట్టి తెస్తున్నాను. నాలుగు సీసాలు మాత్రం చొక్కా జేబులో. ఏసీ లేని బోగీలో ఒంటి వేడే వాటికి మంచిది. గుడ్లు అప్పటికి తేనెరంగులో, గసగసాల పోగులా మెరుస్తున్నాయి.

ఎదురు సీటులో పెద్దావిడ చాలాసేపటి నుంచి జేబు వంకే చూస్తున్నారు. దువ్వాడలో బండి ఆగాక అడిగేశారు. "హోమియో మందులా నాయనా? మోకాళ్ళ నొప్పులకి ఏమైనా ఉందా?"

కాదండీ అని మొదలుపెట్టాను. అనకాపల్లి వచ్చేదాకా చెప్పాను, ఊరికే అడిగినవాళ్ళకి నేను ఎప్పుడూ ఇంత చెప్పలేదు. తుని దాటాక ఆవిడ టీసీని పిలిచి, మోకాళ్ళ నొప్పులున్నా సరే, పక్క బోగీలో పై బెర్తు అయినా ఇవ్వమన్నారు.